రెప్పపాటులో పోయే అవకాశం: మీటింగ్‌కు అంతర్ముఖులు ఎలా సిద్ధం కావాలి?

కొన్నేళ్ల కిందటి సంగతి. నేను పనిచేస్తున్న చోట వారం వారం జరిగే సంపాదక సమావేశం. సౌర విద్యుత్తు మీద రాబోతున్న ఒక వ్యాసం చర్చకు వచ్చింది. ఒక ఇంటి పైకప్పు మీది ప్యానెళ్లు ‘రోజుకు 3 కిలోవాట్లు’ ఉత్పత్తి చేస్తాయని తెర మీది డ్రాఫ్ట్‌లో ఉంది. కిలోవాట్ అనేది సామర్థ్యానికి కొలత, అంటే విద్యుత్తు తయారయ్యే వేగం. రోజుకు ఎంత వచ్చిందో చెప్పాలంటే కిలోవాట్ అవర్లలో, మన కరెంటు బిల్లు భాషలో అయితే యూనిట్లలో చెప్పాలి. 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఎండ బాగా కాసిన రోజున సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ తప్పు చూడగానే కనిపించింది.

చెప్పాలనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, రాసిన సీనియర్ నొచ్చుకోకుండా ఎలా అనాలి అని మనసులో కూర్చుకుంటున్నాను. ఈలోగా చర్చ శీర్షిక మీదికి, శీర్షిక నుంచి ఫొటో మీదికి, అక్కడి నుంచి తర్వాతి వ్యాసం మీదికి వెళ్లిపోయింది. ఆ తప్పు అలాగే అచ్చయింది. వారం తిరిగేసరికి విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడి నుంచి ఉత్తరం వచ్చింది. ఇంతమందిలో ఒక్కరికైనా ఇది తెలియదా అని అడిగారాయన.

తెలుసు. అదే నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

మీటింగ్‌లో నోరు విప్పని వారి గురించి సాధారణంగా రెండే మాటలు వినిపిస్తాయి: ‘విషయం లేదు’ లేదా ‘ధైర్యం లేదు’. ఇంటికొస్తే అమ్మ, పిన్ని, బాబాయి అందరూ ‘నువ్వు కొంచెం చొరవగా ఉండాలి’ అని సలహా ఇస్తారు. ఈ విషయంపై జరిగిన పరిశోధనలు చదువుతూ పోతే నాకు మూడో కారణం కనిపించింది. అది సమయం. మీటింగ్ అనే ప్రక్రియలో ఆలోచించడానికీ మాట్లాడటానికీ మధ్య దొరికే వ్యవధి చాలా తక్కువ. కొందరికి ఆ వ్యవధి సరిపోతుంది, కొందరికి సరిపోదు. సరిపోని వారు తమ స్వభావాన్ని మార్చుకోవాల్సిన పని లేదు. ఆలోచించే పనిని మీటింగ్ గదిలోంచి తీసి, మీటింగ్‌కు ముందుకు జరపాలి.

ఎవరు అంతర్ముఖులు?

స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవిశ్లేషకుడు కార్ల్ యుంగ్ 1921లో వెలువరించిన గ్రంథంతో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజన ప్రచారంలోకి వచ్చింది. ఇవాళ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని రెండు పెట్టెలుగా చూడటం లేదు. ఎత్తు, బరువుల మాదిరిగా ఇదీ ఒక కొలబద్ద. ఎక్కువమంది మధ్యలో ఎక్కడో ఉంటారు, రెండు కొసల్లో కొద్దిమందే ఉంటారు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలను బట్టి మనుషుల మధ్య ఈ గుణంలో కనిపించే తేడాల్లో సుమారు సగానికి జన్యువులు కారణం. తెలివితేటలకూ దీనికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదు.

దీనికి శరీర ధర్మంలో మూలం వెతికిన వారిలో ముఖ్యుడు లండన్‌లో పనిచేసిన హాన్స్ ఐసెంక్. అంతర్ముఖుల మెదడు బయటి ఉద్దీపనలకు త్వరగా, ఎక్కువగా స్పందిస్తుందనీ, అందుకే వారికి కొద్దిపాటి సందడే సరిపోతుందనీ ఆయన 1960లలో ప్రతిపాదించారు. దీన్ని పరీక్షించడానికి అప్పట్లో వాడిన పరికరాల్లో ఒకటి నిమ్మరసం. నాలుక మీద కొన్ని చుక్కలు వేసి నోట్లో ఎంత లాలాజలం ఊరిందో తూచారు. అంతర్ముఖులకు ఎక్కువ ఊరింది. తర్వాత మెదడు తరంగాలతో చేసిన ప్రయోగాల్లో ఫలితాలు అన్నిసార్లూ ఒకే తీరుగా రాలేదు కాబట్టి ఐసెంక్ సిద్ధాంతాన్ని యథాతథంగా ఒప్పుకునే వారు ఇప్పుడు తక్కువ. బహిర్ముఖుల మెదడు ప్రతిఫలాల వైపు, అంటే గుర్తింపు, మెప్పు, కొత్త పరిచయాల వంటి వాటివైపు ఎక్కువగా లాగుతుందనే వివరణ కూడా బలంగా ఉంది.

అయినా 1984లో రస్సెల్ గీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఒకటి నాకు బాగా నచ్చుతుంది, అందులో డెసిబెల్స్ ఉన్నాయి కనుక. పదాలను జతపరిచి నేర్చుకునే పని ఇచ్చి, హెడ్‌ఫోన్లలో మధ్యమధ్య రొద వినిపించి, ఆ రొద ఎంత ఉంటే బాగుంటుందో వారినే ఎంచుకోమన్నారు. బహిర్ముఖులు సగటున 72 డెసిబెల్స్ దగ్గర, అంతర్ముఖులు 55 డెసిబెల్స్ దగ్గర ఆగారు. తేడా 17 అంతేనా అనిపిస్తుంది. డెసిబెల్ లాగరిథమ్ కొలత కాబట్టి, 17 డెసిబెల్స్ అంటే ధ్వని తీవ్రతలో 50 రెట్లు! తాము ఎంచుకున్న రొదలో ఇద్దరూ సమానంగా నేర్చుకున్నారు. ఒకరి రొదను మరొకరికి పెట్టినప్పుడు ఇద్దరూ వెనకబడ్డారు. పది మంది ఒకరి మాట మీద మరొకరు మాట్లాడే గది ఎవరి కొలతకు దగ్గరగా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. అంతర్ముఖత్వం వేరు, బిడియం వేరు. నలుగురిలో ఎక్కువసేపు ఉంటే అలసట రావడం, మాట్లాడే ముందు ఆలోచించుకోవాలనిపించడం అంతర్ముఖత్వం. నలుగురూ ఏమనుకుంటారో అనే భయం బిడియం. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. మీటింగ్ ఉందంటే ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం, గుండె దడ, నెలల తరబడి ఏదో వంకతో తప్పించుకోవడం వంటివి ఉంటే అది సామాజిక ఆందోళన కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఈ వ్యాసంలోని చిట్కాలు ఆ చికిత్సకు బదులు కావు.

మరో రకం మౌనం కూడా మన ఆఫీసుల్లో ఎక్కువే. తెలుగు మీడియంలో చదివి, స్నేహితుల మధ్య గలగలా మాట్లాడే ఇంజినీరు ఇంగ్లిష్‌లో సాగే మీటింగ్‌లో మౌనంగా కూర్చుంటారు. పై అధికారి ఉన్నారని నోరు కట్టుకునే వారూ ఉంటారు. వీరెవరూ అంతర్ముఖులు కానక్కర్లేదు. కానీ రెండో భాషలో వాక్యం కూర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, ఇప్పుడు చెప్పబోయే ఇబ్బంది వారికీ వర్తిస్తుంది.

200 మిల్లీసెకన్లు

సంభాషణలో ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి ఎంత వ్యవధి ఉంటుంది? నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా మనోవిజ్ఞాన సంస్థకు చెందిన తాన్యా స్టివర్స్, స్టీఫెన్ లెవిన్‌సన్ బృందం 10 భాషల సంభాషణలను రికార్డు చేసి కొలిచి 2009లో ప్రచురించింది. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలను వారు పరిశీలించారు. జపనీస్ మాట్లాడే వారు అందరికన్నా వేగంగా, డేనిష్ మాట్లాడే వారు అందరికన్నా నెమ్మదిగా అందుకున్నారు. అన్ని భాషలూ కలిపితే సగటు విరామం సుమారు 200 మిల్లీసెకన్లు. అంటే సెకనులో ఐదో వంతు. అక్షరాలా రెప్పపాటు కాలం.

ఇప్పుడు రెండో అంకె చూడండి. ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటే, ఆ ఒక్క పదం నోటి వరకు రావడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక చిన్న వాక్యానికి సెకనున్నర వరకు పడుతుంది. సెకనున్నర అవసరమైన పనిని 200 మిల్లీసెకన్లలో ఎలా చేస్తున్నాం? ఎదుటి వారు మాట్లాడుతుండగానే మన జవాబు తయారు చేసుకోవడం వల్ల. వింటూనే, ఆ వాక్యం ఎక్కడ ముగుస్తుందో ఊహిస్తూ, మన వాక్యం కట్టుకుంటూ, ఆ ముగింపు కోసం కాచుకుని ఉంటాం. ఇద్దరి మధ్య అయితే ఇది హాయిగా సాగిపోతుంది. ఇద్దరున్న చోట ఒకరు ఆపితే వంతు మనదే.

పది మంది ఉన్న గదిలో వంతు ఎవరిదో ముందుగా తెలియదు. ఎవరు ముందు అందుకుంటే వారిది. మాట మొదలుపెట్టాక ఆలోచించే అలవాటున్న వారు ‘అంటే ఏంటంటే...’ అని చోటు పట్టేసుకుని, మిగతా వాక్యాన్ని దారిలో కట్టుకుంటారు. వాక్యం పూర్తయ్యాకే నోరు తెరుద్దామనుకునే వారు ఆ రెప్పపాటును పోగొట్టుకుంటారు. ఆపైన చర్చ ముందుకు జరిగిపోతుంది, కట్టుకున్న వాక్యం పాతబడుతుంది, మళ్లీ కొత్తగా కట్టుకోవాలి. నా కిలోవాట్ల విషయంలో జరిగింది ఇదే.

కాచుకుని ఉండటానికి ఇంకో మూల్యం కూడా ఉంది. మనసులో అప్పటికప్పుడు పట్టి ఉంచుకునే జాగాను వర్కింగ్ మెమరీ అంటారు. అందులో ఒకేసారి నాలుగు ముక్కలకు మించి నిలవవని నెల్సన్ కోవన్ అనే శాస్త్రవేత్త 2001లో వాదించారు. మన వాక్యాన్ని అక్కడ దాచుకుని కూర్చుంటే, వింటున్న దానికి చోటు తగ్గిపోతుంది. మాల్కం బ్రెన్నర్ 1973లో ఒక సరదా ప్రయోగం చేశారు. గుండ్రంగా కూర్చున్న వారు వంతులవారీగా ఒక్కో పదం చదవాలి. తర్వాత ఏయే పదాలు విన్నారో అడిగితే, ప్రతి ఒక్కరూ తమ వంతుకు సరిగ్గా ముందు కొన్ని సెకన్లలో చదివిన పదాలను మరిచిపోయారు. కొత్తగా చేరిన ఉద్యోగులను వరుసగా పరిచయం చేసుకోమన్నప్పుడు మన పక్క వారి పేరే మనకు గుర్తుండకపోవడానికి కారణం ఇదే.

నష్టం ఎవరిది?

మాట్లాడని వారికి ప్రమోషన్లు ఆలస్యం కావడం ఒక నష్టం. కానీ పనికి జరిగే నష్టం అంతకన్నా పెద్దదని నా అభిప్రాయం.

కామెరాన్ ఆండర్సన్, గవిన్ కిల్డఫ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో చిన్న బృందాలకు లెక్కలు ఇచ్చి కలిసి సాధించమన్నారు. 94 శాతం సందర్భాల్లో బృందం చివరికి ఇచ్చిన జవాబు, ఆ గదిలో మొట్టమొదట ఎవరో ఒకరు పైకి అన్న జవాబే! ఎక్కువగా, దబాయింపుగా మాట్లాడిన వారిని మిగతా వారు ‘లెక్కల్లో దిట్ట’ అనుకున్నారు. వారి అసలు మార్కులు చూస్తే అంత దిట్టలేమీ కారు.

అంతకు ముందే, 1985లో గారల్డ్ స్టాసర్, విలియం టైటస్ ఇంకో లోపాన్ని బయటపెట్టారు. ఒక ఊహాజనిత ఎన్నికలో మంచి అభ్యర్థిని ఎంచుకోవాలి. అతని మంచి లక్షణాలు ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా పంచి ఇచ్చారు. అందరూ తమ దగ్గరున్నది చెబితే ఆ అభ్యర్థే మేలని తేలుతుంది. కానీ బృందాలు తమందరికీ ముందే తెలిసిన విషయాల గురించే మాట్లాడుకుని, వేరే అభ్యర్థిని ఎంచుకున్నాయి. ఒక్కరికి మాత్రమే తెలిసిన సంగతి బల్ల మీదికి రావడం అంత కష్టం. అది మౌనంగా ఉండే మనిషి దగ్గర ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇలాంటి వారిలో ప్రపంచ ప్రసిద్ధుడు భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్. గంటకు ఒక్క మాటను ‘ఒక డిరాక్’ అనే ప్రమాణంగా కేంబ్రిడ్జ్ సహచరులు సరదాగా నిర్వచించారు. 1933లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ప్రచారానికి జంకి వద్దనబోయారు. వద్దంటే ఇంకా ఎక్కువ ప్రచారం వస్తుందని రూథర్‌ఫర్డ్ నచ్చజెప్పాక ఒప్పుకున్నారు. డిరాక్ సమీకరణాలు ఆయన తరఫున మాట్లాడాయి. మనలో చాలామందికి ఆ వెసులుబాటు లేదు, సోమవారం పొద్దున 10 గంటల మీటింగ్‌కు వెళ్లాల్సిందే.

ముందు రోజు చేయాల్సిన పని

మీటింగ్‌లో చర్చకు వచ్చే అంశాలేమిటో ముందు రోజే అడిగి తెలుసుకోండి. నిర్వాహకులు పంపకపోతే ‘మేడమ్, రేపటి మీటింగ్‌లో ఏయే విషయాలు ఉన్నాయో చెబితే చదువుకుని వస్తాను’ అని ఒక మెసేజ్ చాలు. శ్రద్ధగా పనిచేస్తున్నారనే అనుకుంటారు తప్ప ఎవరూ తప్పు పట్టరు.

ఆ అంశాలన్నింటి మీదా మాట్లాడాలని పెట్టుకోవద్దు. నేను మొదట్లో చేసిన పొరపాటు అదే. రెండు పేజీల నోట్సు రాసుకుని వెళ్లేవాణ్ని, మీటింగ్ నడుస్తుండగా అందులో ఏ వాక్యం ఎక్కడుందో వెతుక్కునేవాణ్ని. మీ దగ్గర మాత్రమే ఉన్న సంగతి ఏది అని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఒక అంకె కావచ్చు, కస్టమర్ అన్న మాట కావచ్చు, గతంలో ఇదే పని ఎక్కడ దెబ్బతిన్నదో మీకు గుర్తుండటం కావచ్చు. స్టాసర్, టైటస్ చూపించినట్టు, బయటికి రాకుండా ఉండిపోయేది సరిగ్గా అదే. దాన్ని ఒక చిన్న కార్డు మీద, నోటితో పలికే వాక్యంగా రాయండి. ‘సర్వర్ ఖర్చు అంచనా’ అని శీర్షికలా రాస్తే లాభం లేదు. ‘ఈ అంచనాలో బ్యాకప్ ఖర్చు కలపలేదండీ, కలిపితే మొత్తం మారుతుంది’ అని రాయాలి. రాసి, గదిలో ఒంటరిగా రెండు మూడుసార్లు పైకి చదవండి. సెకనున్నర పట్టే వాక్య నిర్మాణం అక్కడే అయిపోతుంది. మీటింగ్‌లో ఇక చేయాల్సింది చదవడమే. మనసులోని జాగా కూడా ఖాళీ అవుతుంది కాబట్టి, ఇతరులు చెప్పేది స్థిమితంగా వినగలుగుతారు.

తర్వాతిది, ఎప్పుడు మాట్లాడాలో ముందే తేల్చుకోవడం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చాలా ఏళ్లు పరిశోధించిన పద్ధతి ఒకటుంది. ‘రేపు తప్పక మాట్లాడతాను’ అనే సంకల్పం బలహీనమైనది. ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని సందర్భానికీ పనికీ ముడి వేసుకుంటే అది నెరవేరే అవకాశం పెరుగుతుంది. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషిస్తే ఈ ప్రభావం మధ్యస్థం నుంచి పెద్ద స్థాయిలో ఉందని తేలింది. మన విషయంలో అది ఇలా ఉంటుంది: ‘బడ్జెట్ స్లైడ్ తెర మీదికి రాగానే చెయ్యెత్తుతాను.’ అప్పుడు ‘ఇప్పుడా, కాసేపాగా’ అనే తర్జనభర్జన ఉండదు. స్లైడే మనల్ని లేపుతుంది.

వీలైతే ఆ సందర్భాన్ని మీటింగ్ మొదటి పది నిమిషాల్లోనే పెట్టుకోండి. మొదట అన్న మాటకు ఉండే బరువు ఆ 94 శాతంలో చూశాం. ఆలస్యమయ్యే కొద్దీ ఎదురుచూపు భారం పెరుగుతుంది. ముందుగా చిన్న ప్రశ్న అడిగినా చాలు, రెండోసారి నోరు విప్పడం తేలికవుతుంది. ఇది మాత్రం నా అనుభవం నుంచి చెబుతున్నాను.

మీటింగ్ నడిపే వారికి ముందే చెప్పి ఉంచడం నాకు అన్నింటికన్నా బాగా పనిచేసిన ఉపాయం. ‘సర్, మూడో అంశం మీద నా దగ్గర ఒక విషయం ఉంది, అక్కడికి రాగానే ఒకసారి నన్ను పిలవండి’ అంటే సరిపోతుంది. రెప్పపాటు కోసం పోటీ పడే పనే ఉండదు, వంతు దానంతటదే మన దగ్గరికి వస్తుంది. ఆ విషయాన్ని రెండు వాక్యాల్లో ముందుగా మెయిల్ చేస్తే ఇంకా మంచిది.

అయినా అవకాశం తప్పిపోతే? తప్పిపోతుంది కూడా. అందుకని వెనక్కి తీసుకెళ్లే వాక్యం ఒకటి జేబులో ఉండాలి. ‘ఒక్క నిమిషం అండీ, ఇందాకటి రెండో పాయింట్ మీద చిన్న సవరణ ఉంది’ వంటిది. చర్చ దాటిపోయాక వెనక్కి వెళ్లడం అమర్యాద కాదు. తప్పు లెక్క అచ్చవడం కన్నా అది ఎంతో నయం.

గుండె దడ సంగతి కూడా చెప్పాలి. ‘కంగారు పడకు, ప్రశాంతంగా ఉండు’ అని మనకు మనమే చెప్పుకోవడం సహజం. కానీ హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట పాడే ముందు, ప్రసంగించే ముందు ‘నేను ఉత్సాహంగా ఉన్నాను’ అని చెప్పుకున్న వారు ‘ప్రశాంతంగా ఉన్నాను’ అని చెప్పుకున్న వారికన్నా బాగా చేశారు. కంగారులోనూ ఉత్సాహంలోనూ శరీరం ఒకేలా వేగంగా ఉంటుంది. ఆ వేగాన్ని ఒక్కసారిగా ఆపడం కన్నా దాని పేరు మార్చడం తేలిక. బాత్రూమ్ అద్దం ముందు రెండు నిమిషాలు చేతులు నడుముకు పెట్టుకుని ఠీవిగా నిలబడితే హార్మోన్లు మారతాయనే ప్రచారం మాత్రం నమ్మకండి. 2010లో సంచలనం రేపిన ఆ ఫలితం, 2015లో ఎక్కువమందితో జరిపిన పరీక్షలో నిలవలేదు. తొలి అధ్యయనం చేసిన ముగ్గురిలో ఒకరు తర్వాత తనకే దాని మీద నమ్మకం లేదని ప్రకటించారు.

ఆన్‌లైన్‌లో మరో తీరు

వీడియో మీటింగుల్లో శబ్దం కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది. 200 మిల్లీసెకన్ల లయ మీద నడిచే సంభాషణకు ఆ కొద్దిపాటి ఆలస్యమే పెద్ద అడ్డంకి. ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టడం, ‘మీరు చెప్పండి, మీరు చెప్పండి’ అనుకోవడం, చివరికి గట్టి గొంతు గెలవడం మనందరికీ తెలిసిందే. అమెరికా క్లయింట్లతో రాత్రి 9 గంటలకు కాల్‌లో కూర్చునే హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగులకు దీనికి తోడు పగటి అలసట ఉంటుంది, ఉచ్చారణల తేడా ఉంటుంది.

అయితే ఆన్‌లైన్ మీటింగ్‌లో అంతర్ముఖులకు అనుకూలమైన పరికరాలూ ఉన్నాయి. చెయ్యెత్తే బటన్ వంతులను వరుసలో పెడుతుంది. చాట్‌లో మాట తప్పిపోకుండా నిలిచి ఉంటుంది. ముందే టైప్ చేసి ఉంచుకున్న వాక్యాన్ని సరైన క్షణంలో పంపొచ్చు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో కాల్స్ అలసటకు చెప్పిన కారణాల్లో, తెర మీద మన ముఖాన్ని మనమే అదేపనిగా చూసుకోవడం ఒకటి. మన బొమ్మ మనకు కనబడకుండా దాచేసే వీలు చాలా యాప్‌లలో ఉంది. వాడుకోండి.

నటిస్తే సరిపోతుందా?

‘ఒక వారం బహిర్ముఖుడిలా నటించు, అదే అలవాటవుతుంది’ అనే సలహా పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని నిజంగానే పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. వారం పాటు చొరవగా, హుషారుగా ప్రవర్తించమని కొందరికి చెప్పారు. మొత్తం మీద వారి మనస్థితి మెరుగుపడింది. కానీ విడదీసి చూస్తే, బాగా అంతర్ముఖులైన వారికి ఆ లాభం తక్కువగా దక్కింది. వారికి అలసట, తాము తాము కానట్టుగా అనిపించడం ఎక్కువయ్యాయి. 2017లో వచ్చిన ఒక ఫిన్లాండ్ అధ్యయనం ప్రకారం నలుగురిలో చురుగ్గా ఉన్నప్పుడు హుషారుగా అనిపించినా, సుమారు మూడు గంటల తర్వాత అలసట పెరుగుతుంది. ఇది అంతర్ముఖులకే కాదు, బహిర్ముఖులకూ వర్తించింది.

కాబట్టి సిద్ధపడటంలో మీటింగ్ తర్వాతి సమయం కూడా భాగమే. వెంటవెంటనే మూడు మీటింగులు పెట్టుకోకుండా చూసుకోవడం, అది మన చేతిలో లేకపోతే మధ్యలో పది నిమిషాలు ఒంటరిగా నడిచి రావడం వంటివి. ముఖ్యమైన మీటింగ్ అయ్యాక మూడు గంటలకు కష్టమైన పని పెట్టుకోకండి. క్యాంటీన్‌లో టీ తాగే ఆ పదిహేను నిమిషాలు కూడా మాటల్లోనే గడిచిపోతుంటే, ఒక్కోసారి కప్పు పట్టుకుని సీటుకు వచ్చేయండి. ఎవరైనా ఏమైనా అనుకుంటే అనుకోనివ్వండి.

మీటింగ్ నడిపే వారి మాటేమిటి?

ఇంతవరకు భారమంతా మౌనంగా ఉండే వారి మీదే పెట్టాను. అది న్యాయం కాదు. గది నియమాలు మారితే వారి కష్టం సగం తగ్గుతుంది, దీనికి ఆధారాలు చాలా పాతవి.

అందరూ ఒకచోట కూర్చుని తోచింది తోచినట్టు చెప్పాలనే బ్రెయిన్‌స్టార్మింగ్ పద్ధతిని ప్రచారం చేసింది అలెక్స్ ఆస్‌బోర్న్ అనే ప్రకటనల రంగ ప్రముఖుడు. యేల్ విశ్వవిద్యాలయంలో 1958లోనే దాన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చున్నప్పటి కన్నా, నలుగురు విడివిడిగా ఆలోచించి జాబితాలు కలిపినప్పుడు దాదాపు రెట్టింపు ఆలోచనలు వచ్చాయి. ఎందుకలా? జర్మనీలో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె 1987లో చేసిన ప్రయోగాలు కారణాన్ని పట్టుకున్నాయి. వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టినా సరే, ఇతరులు మాట్లాడుతున్నంతసేపూ ఆగాలనే నియమం పెడితే ఆలోచనలు బాగా తగ్గిపోయాయి. అంటే ముఖ్యమైన అడ్డంకి వంతు కోసం ఎదురుచూపే.

అందువల్ల మీటింగ్ మొదట్లో ఐదు నిమిషాలు అందరూ మౌనంగా రాసుకుని, తర్వాత వరుసగా చదవడం అనే చిన్న మార్పు ఎంతో పనిచేస్తుంది. అమెజాన్ సంస్థలో 2004లో జెఫ్ బెజోస్ పవర్‌పాయింట్లను పక్కన పెట్టి, ఆరు పేజీల నోట్‌ను మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా చదివే పద్ధతి తెచ్చారు. ఆ సంస్థ పని తీరు మీద ఎన్ని విమర్శలున్నా ఈ ఒక్క పద్ధతి మాత్రం అనుసరించదగ్గదే.

ఇంకా సులువైనది, ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలో సైన్సు తరగతులను రికార్డు చేసి చూస్తే, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని 3 సెకన్లకు పెంచమన్నారు. పిల్లల జవాబులు పొడుగయ్యాయి, అంతకుముందు నోరు విప్పని పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. ‘ఎవరైనా ఏమైనా చెబుతారా? సరే, తర్వాతి అంశం’ అనే మేనేజర్లు ఆ రెండు వాక్యాల మధ్య మనసులో మూడు లెక్కపెట్టి చూడండి. మొదటిసారి ఆ మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

మా సమావేశాలకు ఇప్పుడు డ్రాఫ్టులు ముందు రోజే మెయిల్‌లో వస్తున్నాయి. అలా పంపమని నేనే అడిగాను. పోయిన నెల ఒక వ్యాసంలో కర్బన ఉద్గారాల అంకె కనిపించింది. మూలంలో ఉన్నది కార్బన్ లెక్క, వ్యాసంలో దాన్నే కార్బన్ డయాక్సైడ్ అని రాశారు. కార్బన్ అణుభారం 12, కార్బన్ డయాక్సైడ్‌ది 44, కాబట్టి తేడా సుమారు 3.67 రెట్లు. కార్డు మీద ఒకే వాక్యం రాసుకున్నాను. ఆ పేరా తెర మీదికి రాగానే చెయ్యెత్తి చదివాను, గొంతు కొంచెం వణికింది. రాసిన అమ్మాయి ‘అవును సర్, మార్చేస్తాను’ అంది. తర్వాతి వ్యాసానికి వెళ్లాం.